బాగుందా అని అడగకండి

నిజామాబాద్‌లో నా క్లినిక్ తీసుకున్న అమ్మాయి పేరు స్రవంతి. నెల కిందట తాళాలు తీసుకోవడానికి వచ్చినప్పుడు, "మేడమ్, ఇన్నేళ్లలో ఎన్ని ఇంప్లాంట్లు పెట్టి ఉంటారు?" అని అడిగింది. లెక్కపెట్టుకోలేదన్నాను. నిజంగానే పెట్టుకోలేదు. పెట్టిన మర్నాడే నా చేత్తో నేను వెనక్కి తీసింది మాత్రం ఒక్కటి ఉంది, దాని గురించైతే గంటసేపు చెప్తాను, కూర్చోమన్నాను. ఆమెకు పేషెంటు టైమైపోతోందట. "రాసి పెట్టండి మేడమ్, చదువుకుంటాను" అని చక్కా పోయింది. ఈ కాలం పిల్లలు ఇంతే. కానీ రాయమన్నది కదా, రాస్తున్నాను.

నా డిగ్రీలూ సన్మానాలూ ఇందులో ఉండవు. అవి గోడకు వేలాడుతున్నాయి, అక్కడే బాగున్నాయి. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు పనికొచ్చేది నేను చేసిన ఒక తప్పు, ఆ తప్పు దిద్దుకోవడానికి నాకు సాయపడిన నలుగురు మనుషులు.

పంటి డాక్టర్లు కానివాళ్లు కూడా చదవొచ్చు కాబట్టి ఒక్క మాట. పన్ను ఊడిన చోట దవడ ఎముకకు రంధ్రం చేసి, అందులో టైటానియం స్క్రూ బిగించి, అది ఎముకలో కుదురుకున్నాక దాని మీద పన్ను కడతాం. ఆ స్క్రూనే ఇంప్లాంటు అంటారు. పని చెప్పినంత తేలికే. రంధ్రం చేస్తున్నప్పుడు లోపల ఏముందో కంటికి కనబడదు, కష్టమంతా అక్కడుంది.

అమ్మ చేతి దూది

మాది డిచ్‌పల్లి. మా అమ్మ అక్కడి కుష్ఠు దవాఖానలో కట్లు కట్టేది. ఆదివారం చర్చి అయ్యాక ఇంట్లో ఒంటరిగా ఉంచలేక నన్ను కూడా వార్డుకు తీసుకుపోయేది. ఆ జబ్బులో నరాలు చచ్చుబడి కాళ్లకూ చేతులకూ స్పర్శ పోతుంది. కాలిలో ముల్లు దిగినా తెలియదు, వేడి గ్లాసు పట్టుకుని వేళ్లు బొబ్బలెక్కినా తెలియదు.

అమ్మ ఎవరినీ "ఎట్లుంది?" అని అడిగేది కాదు. "కండ్లు మూస్కో తాతా" అని, దూదిని సన్నగా వత్తిలా చేసి పాదం మీద అక్కడక్కడ ముట్టించేది. ముట్టినప్పుడల్లా ఆయన వేలెత్తాలి. ఒకసారి నేను ఆరిందాలా ఒక తాతను "కాలు బాగుందా?" అని అడిగాను. "మంచిగుంది బిడ్డా" అన్నాడాయన. అమ్మ కట్టు విప్పితే మడమలో పుండు.

ఇంటికొచ్చే దారిలో అమ్మ చెప్పింది. "బాగుందా అని అడగకు బిడ్డా. బాగుందనే అంటరు. ఒకటేమో నొప్పి తెలుస్తలేదాయె. రెండోదేమో, మనం గింత సేవ జేస్తున్నం గదా, బాగలేదంటే మనం చిన్నబుచ్చుకుంటమని వాళ్ల బాధ. ముట్టి చూడు, గంతే."

నాకప్పుడు పదేళ్లు. ఈ మాట అప్పుడే మనసుకు పట్టి ఉంటే, నలభై ఏళ్ల తర్వాత ఒక మంచి మనిషి నలుగురి ముందు తలవంచుకుని కూర్చోవలసిన పని ఉండేది కాదు.

నానీకి సలాం

చదువయ్యాక నేను మొదట పనికి చేరింది హబీబ్ సాబ్ దగ్గర. బస్టాండు వెనక మెట్లెక్కి పోయే క్లినిక్. ఆయన అప్పటికే పెద్దాయన. కోపం ముక్కు మీద ఉండేది. నా మొదటి ఏడాదిలో నన్ను మెచ్చుకున్నది ఒక్కసారే, అదీ చాయ్ బాగా పెట్టానని.

ఆయన సొరుగులో ఒక గుడ్డ సంచి ఉండేది. అందులో మూడు కింది దవడ ఎముకలు. మధ్యాహ్నం పేషెంట్లు లేనప్పుడు సంచి నా ముందు పెట్టేవారు. "ఆంఖ్ బంద్. చెయ్యి లోపల పెట్టు. కుడి ఏది, ఎడమ ఏది? వయసెంత? రంధ్రం ఎక్కడుంది?" మన కింది పెదవికీ గదుమకూ, అంటే గడ్డానికీ, స్పర్శనిచ్చే నరం దవడ లోపల సొరంగంలో ప్రయాణం చేసి, నమిలే చిన్న పళ్ల కింద ఒక రంధ్రంలోంచి బయటికి వస్తుంది. కళ్లు మూసుకుని వేలి కొసతో ఆ రంధ్రాన్ని వెతకాలి.

మూడింటిలో ఒకటి పళ్లన్నీ పోయిన ముసలి దవడ. ఎముక అరిగి అరిగి సన్నబడి, ఆ రంధ్రం దాదాపు పైకొచ్చేసి ఉండేది. దానికి ఆయన నానీ, అంటే అమ్మమ్మ, అని పేరు పెట్టారు. బయటికి తీసేముందు నానీకి సలాం చెప్పాలి. మొదట్లో నాకు నవ్వొచ్చేది. "నవ్వకు" అన్నారొకరోజు. "ఈమె ఎవరో మనకు తెల్వదు. మనకు చదువు చెప్పనీకి తన హడ్డీ ఇచ్చి పోయింది. నీకు, నాకు గంత దిల్ ఉందా?" ఆ తర్వాత నేను నవ్వలేదు.

ఇంకోరోజు ఆయన ఒక సన్నని స్టీలు తీగను ఆ రంధ్రంలోకి పోనిచ్చారు. తీగ నేరుగా వెనక్కి, సొరంగంలోకి పోతుందనుకున్నాను. అది ముందు పళ్ల వైపు పోయింది. "చూసినవా? నరం సీదా రాదు. రంధ్రం దాటి ముందుకు పోతది, మలుపు తిరిగి, మళ్లా వెనక్కొచ్చి బయటపడతది. కొందరికి ఉండదు, కొందరికి గింతే ఉంటది, కొందరికి శానా ఉంటది. బయటి నుంచి తెల్వదు." చూశాను, తలూపాను. ఆ తర్వాత చాయ్ వచ్చింది, ఆ సంగతి మరిచిపోయాను.

హోటల్లో నేర్చుకున్న చదువు

ఇంప్లాంట్లు మా దాకా వచ్చేసరికి నేను సొంత క్లినిక్ పెట్టి చాలా ఏళ్లయింది. హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్లో శని ఆదివారాలు శిక్షణ ఇచ్చారు. భోజనం బ్రహ్మాండంగా ఉంది. ప్రాక్టీసు చేయడానికి తలా ఒక ప్లాస్టిక్ దవడ ఇచ్చారు. అందులో నరం ఎర్రటి తీగ, నలభై దవడల్లోనూ ఒకే చోట ఉంది. దేవుడు అలా అచ్చు పోయలేదని నాకు తెలుసు, అయినా ఆ రెండు రోజులూ మరిచిపోయాను.

స్క్రూలు అమ్మే కంపెనీ అబ్బాయి నా పక్కన నిలబడి, "కింది దవడలో ఆ రెండు రంధ్రాల మధ్య ముందు భాగమంతా సేఫ్ జోన్ మేడమ్. కళ్లు మూసుకుని పెట్టేయొచ్చు" అన్నాడు. కళ్లు మూసుకోమని అమ్మా చెప్పింది, హబీబ్ సాబూ చెప్పారు. వాళ్లు చెప్పింది చేత్తో చూడమని. ఇతను చెప్పింది అసలు చూడొద్దని. తేడా నాకు అప్పుడు తట్టలేదు.

మల్లన్న

బోధన్ అవతల ఒక పల్లె నుంచి మల్లయ్య వచ్చాడు. అరవైకి దగ్గర్లో ఉన్నాడు. భార్య పోశవ్వ వెంట ఉంది. కింది పళ్లన్నీ పోయాయి, వేరేచోట కట్టించుకున్న పళ్ల సెట్టు నమిలితే ఎగిరి చేతిలో పడుతోంది.

"అన్నం తినడానికి ఇబ్బందిగా ఉందా మల్లన్నా?" అన్నాను.

"అన్నం మెత్తగ తింట అమ్మా. చెరుకు నమలాలె నేను."

ఆయన పని నాకప్పుడే తెలిసింది. ఆ చుట్టుపక్కల బెల్లం బట్టీల వాళ్లు ఏ తోట ముందు కోయాలి, ఏది ఇంకా ఆగాలి అన్నది ఆయన్ను అడిగే కోసేవారు. ఆయన తోటలోకి పోయి, గడ విరిచి, మధ్య కణుపు నమిలి చెప్పేవాడు. తీపి కొలిచే మీటర్లు వచ్చాయి, అయినా మల్లయ్య నమిలి సరేనంటేనే కత్తి పెట్టేవాళ్లు. పచ్చి చెరకు కోస్తే బెల్లం గట్టిపడదు, వండినవాళ్ల శ్రమంతా పాకం పాలు.

రెండు ఇంప్లాంట్లు ముందు భాగంలో పెట్టి, వాటికి పళ్ల సెట్టును టక్కున పట్టేలా చేస్తానన్నాను. వానాకాలంలో పెడితే చెరకు కోతల నాటికి తయారు. మంచి ఆలోచనే.

కుడిది చక్కగా కూర్చుంది. ఎడమ పక్క అనుకున్న చోట ఎముక సన్నగా ఉంది. కొంచెం వెనక్కి జరిగితే వెడల్పుగా ఉంది. చిగురు తెరిచే ఉంది కాబట్టి నరం బయటికొచ్చే రంధ్రం నా కంటికే కనబడుతోంది. దానికి మూడు మిల్లీమీటర్లు ముందు డ్రిల్లు పెట్టాను. కంటికి కనబడిన రంధ్రానికి దూరంగానే ఉన్నాను. ఎముక లోపల నరం ఎంత ముందుకొచ్చి మలుపు తిరిగిందో చూడలేదు. హబీబ్ సాబ్ తీగ గుర్తుకే రాలేదు.

మత్తు ఉన్నా మల్లన్న ఎడమ చెయ్యి ఒక్కసారి కుర్చీ మీంచి లేచింది.

"జిల్లుమందా మల్లన్నా?"

"ఏం లేదమ్మా, కానియ్యిండ్రి."

నేను కానిచ్చాను. ఆ చెయ్యి ఎందుకు లేచిందో అక్కడ ఆగి ఆలోచించాల్సింది. ఆగలేదు.

ఫోనులో మర్యాద

మత్తు మూడు నాలుగు గంటల్లో దిగిపోతుంది. సాయంత్రం ఫోన్ చేశాను. అది నా అలవాటు, మంచి అలవాటే అని గొప్పగా కూడా చెప్పుకునేదాన్ని.

"మల్లన్నా, బాగుందా?"

"మంచిగుంది డాక్టరమ్మా. మీరు గింత కష్టపడి ఫోన్ జేసిండ్రు."

నేను నిశ్చింతగా ఉన్నాను. మర్నాడు మధ్యాహ్నం అదే నంబరు నుంచి ఫోనొచ్చింది. ఈసారి పోశవ్వ.

"డాక్టరమ్మా, మీకు చెప్పొద్దని ఒట్టు వెట్టిండు. గాని చెప్తున్న. పొద్దుగాల చాయ్ తాగుతుంటే గదుమ మీదికెళ్లి కారి అంగి మీద వడ్డది. ఆయనకు తెలుస్తనే లేదు. నేనే తుడిసిన."

"నిన్న బాగుందన్నాడు కదక్కా?"

"గట్లనే అంటడు. డాక్టరమ్మ గంత మంచిగ అడిగితే బాగలేదని ఎట్లంటం, మనసు నొచ్చుకుంటది అంటడు."

పుండు పెట్టుకుని మంచిగుందన్న తాత కళ్ల ముందు కనబడ్డాడు. బస్సు కోసం ఆగొద్దు, ఆటో మాట్లాడుకుని ఇప్పుడే రమ్మన్నాను. వాళ్లు వచ్చేలోగా హబీబ్ సాబ్‌కు ఫోన్ చేశాను. ఆయన అప్పటికి ఇంట్లోనే ఉంటున్నారు, వినికిడి తగ్గింది. గట్టిగా అరిచి చెప్పాను, నా తప్పు వీధంతా విన్నది.

ఆయన అడిగింది ఒకటే. "ఎన్ని గంటలైంది?"

"ఇరవై ఏడు."

"తియ్యి."

"స్కాన్ తీయించి..."

"నీ స్కాన్ హైదరాబాద్‌ల ఉంది. పోయి వచ్చేవరకు టైం గయా. నరం మీద బరువుంటే తొందరగ తియ్యాలె. తియ్యి, తీసినంక చూస్కో."

"పేషెంటుకు ఏం చెప్పాలి సాబ్?"

"సచ్. ఉన్న నిజం. ఇంకేం ఉంది చెప్పనీకి?"

మల్లన్న వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నేను దూదిని సన్నగా వత్తిలా చేశాను. "కళ్లు మూసుకో. ముట్టినప్పుడల్లా ఆ అను" అన్నాను. కుడి చెంప ముట్టాను. "ఆ." కుడి పెదవి. "ఆ." ఎడమ పెదవి ముట్టాను. చప్పుడు లేదు. మళ్లీ ముట్టాను. గదుమ మీద ముట్టాను. ఆయన కళ్లు మూసుకుని ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడు.

కాసేపాగి, "ఇంకా మొదలువెట్టలేదా అమ్మా?" అని అడిగాడు.

నా వృత్తి జీవితంలో విన్న మాటలన్నిట్లో నాకు బాగా గుర్తున్నది అదే. పోశవ్వ గోడ వైపు తిరిగింది. నేను కుర్చీ పక్కన స్టూలు లాక్కుని కూర్చుని చెప్పాను. "మల్లన్నా, తప్పు నాది. నీ పెదవికి పోయే నరానికి నా స్క్రూ తగిలింది. ఇప్పుడే తీసేస్తాను. నరం కోలుకోవచ్చు, కోలుకోకపోవచ్చు. నెలలు పడుతుంది."

ఆయన ఎడమ పెదవిని వేలితో తడుముకున్నాడు. తర్వాత, "చెరుకు ఎట్ల జూడాలె మరి?" అన్నాడు.

"నాలుకకు ఏం కాలేదు మల్లన్నా. తీపి తెలుస్తుంది."

"నాలుక తీపి జెప్తది అమ్మా. చెరుకన్నంక అన్ని తీపే. కోతకొచ్చిందా లేదా అన్నది పెదవి జెప్తది. రసం అంటినంక రెండు పెదవులు అతుక్కోవాలె. ఊడదీస్తే ఊడనట్టు ఉండాలె. గప్పుడు కొయ్యుమంట."

నేను ఆ మనిషికి పళ్లు పెడతానని చెప్పి, ఆయన పనిముట్టు పాడుచేశాను. అప్పటికప్పుడే స్క్రూ తీసి కుట్లేశాను.

పోశవ్వ పెదవి

మందులిచ్చాను. పదిహేను రోజులకొకసారి రమ్మని దూదితో ముట్టి చూసి, మొద్దుబారిన మేరకు గదుమ మీద పెన్నుతో గీత గీసి ఫోటో తీసేదాన్ని. గీత మొదటి రెండు నెలలూ జరగలేదు. ఈలోగా చెరకు కోతలు మొదలయ్యాయి.

ఒక తోటలో మల్లన్న ఊగే పాత సెట్టుతోనే నమిలి కోతకొచ్చిందని చెప్పాడు. అది రాలేదు. బెల్లం గట్టిపడలేదు. ఈ సంగతి పోశవ్వ చెప్తే, ఆదివారం చర్చి అయ్యాక బోధన్ బస్సెక్కి ఆ బట్టీ దగ్గరికి పోయాను. బెల్లం పెనం కింద చెరకు పిప్పి మండుతోంది, కోతకొచ్చిన కూలీలు మరాఠీలో మాట్లాడుకుంటున్నారు. మల్లన్న వాళ్లకు దూరంగా ఒక మొద్దు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"ఎందుకచ్చిండ్రు అమ్మా గింత దూరం? నేను మంచిగనే ఉన్న."

"ఆ మాట ఇంకోసారి అనకు మల్లన్నా."

ఆయన మళ్లీ మొద్దు మీద కూర్చున్నాడు. "నలుగురు నవ్విండ్రు" అన్నాడు. "బెల్లం గాదు మల్లన్నా, హల్వా జేసినవ్ అన్నరు. ఇరవై ఏండ్లు నా మాట మీద కత్తి వెట్టిండ్రు. ఇగ ఏ మొకంతోని తోటలకు పోవాలె?"

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఏడిస్తే ఆయనకేం లాభమని తర్వాత సిగ్గుపడ్డాను. ఆయనే నన్ను ఓదార్చవలసి వచ్చింది. కత్తితో చెరకు ముక్క చెక్కి నా చేతికిచ్చాడు. "నమలుండ్రి. పెదవులు మూయుండ్రి. ఇప్పుడు మెల్లగ తెరువుండ్రి. అతుకుతున్నదా?" నాకు కొంచెం అతికినట్టే అనిపించింది. పక్కనే ఉన్న పోశవ్వ అదే గడలోంచి ఇంకో ముక్క నమిలి, "ఎక్కడిది, జారిపోతున్నది. ఇంకో ఇరవై రోజులు కావాలె" అంది. మల్లన్న ఆమె వైపు వింతగా చూశాడు. ముప్పై ఏళ్లు ఆయన పక్కన నడిచి ఆమె కూడా నేర్చుకుందని ఆయనకు తెలియనే తెలియదు.

ఆ మిగిలిన సీజనంతా ఆయన పోశవ్వ పెదవితో పని చేశాడు. ఆయన గడ ఎంచేవాడు, ఆమె నమిలేది, ఇద్దరూ మాట్లాడుకుని చెప్పేవారు. ఒక్క తోట కూడా తప్పలేదట. "ఈమెను ఒప్పియ్యనీకి నా పానం పోతున్నది, ఏ చెరుకు వెట్టినా ఇంకా ఆగాలె అంటది" అని నా దగ్గర సణిగేవాడు. ఆ తల్లి ఆ ఫోన్ చేసి ఉండకపోతే, ఆ ముక్క నమిలి ఉండకపోతే ఏమయ్యేదో నేను తలచుకోను. ఆమెకు నేను చెప్పాల్సిన కృతజ్ఞతలు ఈ జన్మకు తీరవు.

శివరాత్రి దాటాక ఒకరోజు మల్లన్న తనంతట తానే ఫోన్ చేశాడు.

"డాక్టరమ్మా, బాగలేదు."

"ఏమైంది?"

"పెదవి మీద చీమలు వాకినట్టున్నది. గోక్కుంటే సుర్రుమంటున్నది."

నరం తిరిగి వస్తున్నప్పుడు అలాగే ఉంటుంది. బాగలేదన్న మాటకు అంత సంతోషపడ్డ డాక్టరును మీరు చూసి ఉండరు. ఆ తర్వాత నా పెన్ను గీత నెలనెలా లోపలికి జరిగింది. చివరికి ఎడమ మూల శనగ గింజంత చోటు మిగిలింది. అది ఇప్పటికీ అలాగే ఉంది.

మరుసటి ఏడాది స్కాన్ తీయించి చూస్తే, నరం మలుపు ఎడమ పక్క రంధ్రానికి ఐదు మిల్లీమీటర్లు ముందుకుంది. నేను మూడు వదిలాను. ఎడమ పక్కది మళ్లీ పెట్టించుకుంటావా, వేరే డాక్టరు దగ్గరికి పంపనా అని అడిగాను. "మీరు తప్పు జేసిన్నని మొకం మీద జెప్పిండ్రు. కొత్తాయన దగ్గరికి పోతే, ఆయన తప్పు జేస్తే నాకు ఎవలు జెప్తరు?" అన్నాడు. ఈసారి మలుపుకు బాగా ముందు పెట్టాను. ఆ పళ్లతో ఆయన ఇప్పటికీ చెరకు నములుతున్నాడు.

కొన్ని మొహమాటం లేని మాటలు

సేఫ్ జోన్ అన్న మాటను మీ నోటి నుంచి తీసేయండి. అదే ముందు భాగంలో, నాలుక వైపు ఎముకను ఆనుకుని రక్తనాళాలుంటాయి. డ్రిల్లు అటు బయటికి పోతే నాలుక కింద రక్తం గడ్డకట్టి నాలుక పైకి లేస్తుంది, ఊపిరాడదు. హబీబ్ సాబ్ డ్రిల్లు తిప్పుతున్నంతసేపూ ఎడమ చేతి వేలు నాలుక వైపు ఎముకకు ఆనించే ఉంచేవారు. ఒకసారి వేలికి అదురు తగిలిందని పని మధ్యలో ఆపి, కుట్లేసి, "ఇవాళ కాదు" అని పేషెంటును పంపించేశారు. పేషెంటు తిట్టుకుంటూ పోయాడు, కానీ క్షేమంగా పోయాడు. మధ్యలో ఆపడం చేతకానివాడు మొదలుపెట్టకూడదు.

డ్రిల్లు మీది గీతలను గుడ్డిగా నమ్మకండి. చాలావాటికి కొస మొన గీత లెక్కలోకి రాదు, అది ఇంకాస్త లోపలికి పోతుంది. సాదా ఎక్స్‌రే కొలతలను అసలే నమ్మకండి. ఇప్పుడు స్కాన్ మన ఊళ్లోనే ఉంది, కంప్యూటరు దారి చూపిస్తుంది, నేను వాటిని కాదనను. అవి నాకు అప్పుడుంటే ఎంత బాగుండేదో. కానీ తెర మీది నరం గీతను గీసింది కూడా మనిషేనని మరిచిపోకండి. ఒక్కసారైనా నిజమైన ఎముకను చేత్తో పట్టుకుని తడిమినవాడికే ఆ గీత తప్పో ఒప్పో తెలుస్తుంది.

ఇక మన పేషెంట్ల సంగతి. మన వైపు మనుషులు డాక్టరు మనసు నొప్పించరు. మీరు తప్పు చేసినా వాళ్లే మొహమాటపడతారు. వాళ్ల మంచితనం మీ తప్పును దాచేస్తుంది, అదే సమయంలో నరం చచ్చిపోతూ ఉంటుంది. ఫోన్ చేయండి, కానీ బాగుందా అని అడగకండి. కళ్లు మూసుకోమనండి, ఇంట్లోవాళ్ల చేత పెదవికి రెండు పక్కలా దూది ముట్టించమనండి. తేడా ఉందంటే వెంటనే రప్పించండి.

మూడు చెరకు ముక్కలు

హబీబ్ సాబ్ పోయేముందు ఆ గుడ్డ సంచి నాకిచ్చారు. అప్పటి నుంచి ఏటా చలికాలంలో ఒక ఆదివారం కొత్త డాక్టర్లను పిలిచి నానీకి సలాం చెప్పించి, కళ్లు మూయించి తడిమిస్తున్నాను. రెండో పాఠం చెప్పేది మల్లన్న. ఆయనకిప్పుడు డెబ్బై దాటింది. పోశవ్వ చెరకు కట్ట పట్టుకుని వెంట వస్తుంది.

ఇది ఇక్కడిదాకా రాశాక, పోయిన ఆదివారమే ఆ క్లాసు జరిగింది. స్రవంతి కూడా ఈసారి తీరిక చేసుకుని వచ్చింది. పాఠం ఎప్పటిదే. పిల్లలు ఒకరికొకరు ఎడమ పక్క నరం రంధ్రం వేలితో వెతికి, అక్కడ మత్తు ఇచ్చుకోవాలి. పెదవి మొద్దుబారాక మల్లన్న తలా మూడు చెరకు ముక్కలిస్తాడు. ఒకటి కోతకొచ్చింది, ఒకటి సగం, ఒకటి పచ్చిది. ఏది ఏదో చెప్పాలి. మత్తు లేనప్పుడు ఒకసారి నమిలి చూశారు, అప్పుడు అందరూ చెప్పగలిగారు. ఇప్పుడు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. పోశవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

మల్లన్న ఒక్కొక్కరి ముందూ ఆగుతూ స్రవంతి దగ్గరికొచ్చాడు. వంగి, ఆప్యాయంగా అడిగాడు.

"ఎట్లున్నది బిడ్డా?"

పెద్దాయన అంత దూరం నుంచి మోసుకొచ్చిన చెరకు. స్రవంతి చేతులు కట్టుకుని నిలబడి, "చాలా బాగుందండీ" అంది. ఎడమ పెదవి చివర నుంచి రసం గదుమ మీదుగా కారి తెల్లకోటు మీద బొట్లుబొట్లుగా పడుతోంది. ఆమెకు తెలియడం లేదు.

మల్లన్న భుజం మీది తువ్వాలు తీసి ఆమె గదుమ తుడిచాడు. తడిసిన తువ్వాలు ఆమె కళ్ల ముందు పట్టాడు.

"నేను గూడ గిట్లనే జెప్పిన బిడ్డా" అన్నాడు.